నేను అందుకోని పాట

ఒకే అమ్మాయి ఫోటో ఇచ్చి, ఆమె సన్మానానికి రెండు ఊళ్ళవాళ్ళు రెండు ఫ్లెక్సీలు చేయమన్నారు. ఆదోనిలో నేను పనిచేసే డీటీపీ షాపులో, ఒకే కంప్యూటరు మీద, ఒకే ఉదయం ఆ రెండింటినీ నేనే చేశాను. ఒకదాని మీద 'ఆదోని ముద్దుబిడ్డకు స్వాగతం' అని, రెండోదాని మీద 'ఎమ్మిగనూరు ముద్దుబిడ్డకు స్వాగతం' అని. నిజానికి ఆ అమ్మాయిది రెండు ఊళ్ళూ కాదు. రెంటికీ మధ్య, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి నడిచిపోవాల్సిన మా ఊరు. రోడ్డు మీద మా ఊరి పేరుతో బోర్డు ఉంది గానీ, చెయ్యెత్తితే తప్ప బస్సు ఆగదు.

ఆదోని తరఫు ఆయన, ఎమ్మిగనూరు తరఫు ఆయన ఒకే సమయానికి వచ్చి షాపులోనే తగులుకున్నారు.

"పత్తి యాడికి తెచ్చి అమ్ముతారప్పా ఆ ఊరోళ్ళు? ఆదోనికే గదా," అన్నాడు మొదటి ఆయన. "పత్తి మాదైతే పాట మాది కాదా?"

"పత్తి అమ్మేది కడుపు కోసరం. పెండ్లికి చీర యాడ కొంటారు, అది సెప్పు. మా తావ. మనిషిది యా ఊరనేది చీరను బట్టి సెప్పల్ల."

"అట్లయితే సుగ్గికి గుంటూరు పోతారు. రేపు గుంటూరోళ్ళు గూడా వస్తారు, మాకూ ఒగ ఫ్లెక్సీ కావల్లని."

"వస్తే రానీలేన్నా," అన్నాడు మా ఓనరు టీ గ్లాసులు అందిస్తూ. "వాళ్ళకూ మనమే కొట్టిస్తాం."

ముగ్గురూ నవ్వుకున్నారు. తర్వాత మా ఓనరు నా వైపు తిరిగి, "మీ ఊరే గదా పాపా, నీకు తెలుసా ఆ యమ్మ?" అన్నాడు.

"సూసినానన్నా," అన్నాను.

పదేళ్ళు ఒకే బెంచీలో పక్కపక్కన కూర్చున్న మనిషి గురించి నేను చెప్పిన మాట అది. ఆయన మళ్ళీ అడగలేదు. నేను తెర మీద ఆమె ముఖం చుట్టూ ఉన్న వెనకటి గోడను చెరిపేసే పనిలో పడ్డాను. ఎవరి ముఖాన్నయినా అంత దగ్గరగా, అంత పెద్దదిగా చేసి చూస్తే కొత్తగా కనిపిస్తుంది. ఎడమ కనుబొమ మీది మచ్చను ఎవరో ముందే తుడిపేసి పంపారు. మా ఇంటి మెట్ల మీద పడి తగిలించుకున్న దెబ్బ అది.

ఆమెతో నేను చెప్పుకోవలసిన తప్పు ఒకటి ఉంది. ఐదేళ్ళుగా చెప్పుకోలేదు. ఈ సన్మానానికి ఆమె వస్తోంది కాబట్టి ఈసారి ఎలాగైనా చెప్పుకోవాలని, ఆ ఫ్లెక్సీల పని పూర్తయ్యేలోపు నిశ్చయించుకున్నాను.

ఆమె వాళ్ళది కూలికి పోయే ఇల్లు. మాదీ కలిగిన ఇల్లు కాదు. మా నాయన ఆదోనిలో జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు కాబట్టి మేము సుగ్గికి వెళ్ళాల్సిన అవసరం రాలేదు, అంతే తేడా. దీపావళి దాటాక మా వైపు మెట్ట పొలాల ఊళ్ళ జనం ఇళ్ళకు తాళాలు వేసుకుని, పిల్లాజెల్లాతో లారీలెక్కి గుంటూరు వైపు పోతారు. ముందు పత్తి ఏరడం, ఆ తర్వాత మిరపకాయలు కోయడం. మళ్ళీ ఉగాదికి గానీ తిరిగి రారు. దాన్నే సుగ్గి అంటాం. ఆ నాలుగైదు నెలలూ నేను ఊళ్ళో మిగిలిపోయేదాన్ని. వీధికి రెండు పక్కలా తాళాలు. బడిలో బెంచీకి ఒకరం. సార్ హాజరు పిలుస్తూ పోతుంటే పేరు, మౌనం, పేరు, మౌనం. నా పేరు వచ్చినప్పుడు నేను పలికినా సార్‌కు వినబడేది కాదు. తలెత్తి చూసి టిక్కు పెట్టుకునేవాడు.

డైరీ రాయడం ఆ నెలల్లోనే అలవాటైంది. మొదట్లో అది డైరీ కాదు. ఆమె తిరిగొచ్చాక చెప్పాల్సిన సంగతులు మరిచిపోకుండా రాసుకున్న నోటుబుక్కు. ఎవరి మేక ఈనింది, ఏ పాఠం అయిపోయింది, ఏ టీచరు బదిలీ అయింది. ఉగాదికి ఆమె వచ్చాక మిద్దె మీద కూర్చుని అంతా చదివి వినిపించేదాన్ని. శ్రద్ధగా వినేది. విన్నాక, "ఇంతేనా మే, నాలుగు నెల్లకు?" అనేది.

నిజమే. ఆమె దగ్గర అంతకంటే ఎక్కువ ఉండేది. మిరపచేను ఘాటు వారాల తరబడి చేతుల్లోనే ఉండేది. ఆ మంట తగ్గేదాకా కంట్లో నలుసు పడినా తను తీసుకునేది కాదు. తల నేనే దువ్వేదాన్ని. నేను చిక్కులు తీస్తుంటే ఆమె ఆ ఏడాది నేర్చుకొచ్చిన పాటలు పాడేది. ఏ ఊరి కూలీల దగ్గర ఏది నేర్చుకుందో చెప్పేది. కన్నడం కలిసిన పాటలు కర్ణాటక అంచున ఉన్న హొళగుంద వైపు ఆడవాళ్ళవి. ఒక్కోసారి అర్థం తెలియకుండానే పాడేది. అర్థం నేను కల్పించి చెప్పేదాన్ని. గ్రంథాలయంలో పుస్తకాలు చదివేదాన్ని కాబట్టి నాకు అన్నీ తెలుసని ఆమె నమ్మకం.

తొలకరి పడి వేరుశనగ మొలిచాక కలుపుకు ఇద్దరం కలిసి పోయేవాళ్ళం. మా వైపు చేను పాటకు ఒక పద్ధతి ఉంది. ఒకరు ఎత్తుతారు, మిగిలినవాళ్ళు అందుకుంటారు. ఎత్తినవాళ్ళు అందుకునే వరుస పాడరు. అది వాళ్ళు ఊపిరి తీసుకునే చోటు. ముందు సాలులో పోయే మనిషి ఎత్తితే వెనక సాళ్ళవాళ్ళు అందుకోవాలి. ఆ గొంతులు ఎంత దూరం నుంచి వస్తున్నాయో విని, ఎవరు వెనకబడ్డారో తల తిప్పకుండానే ముందు మనిషి తెలుసుకుంటుంది. ఎవరూ అందుకోకపోతే పాట అక్కడితో ఆగిపోతుంది. 'పాట కిందపడింది' అంటారు. కిందపడిన పాటను ఆ రోజుకు మళ్ళీ ఎత్తరు. మా ఊళ్ళో ఎప్పుడూ ముందు సాలు పట్టే అవ్వ ఒకామె ఉంది. అందుకోకుండా నోరు మూసుకున్నవాళ్ళను ఆమె తిట్టే తిట్లు పాటల కంటే బాగుంటాయి.

అవ్వ రాని రోజు నా స్నేహితురాలు ఎత్తేది. అప్పుడు అందుకునేవాళ్ళలో నేనూ ఉండేదాన్ని. బడిలో పలకమంటే పలకలేని నాకు చేనులో గొంతు వచ్చేది. వంగి కలుపు తీస్తున్నప్పుడు ఎవరి ముఖమూ ఎవరికీ కనబడదు. బహుశా అందుకే.

ఆమెకు ఎక్కువ ఇష్టమైన పాట మబ్బుది.

'నల్లమబ్బు నల్లమబ్బు యాడికి పోతావే' అని ఆమె ఎత్తుతుంది.

'నిలిచేదానికి నీడ లేదు, ముందరికి పోతానే' అని మేము అందుకోవాలి.

నా గొంతు సన్నం. ఒక రవ్వ వెనకబడి కూడా వచ్చేది. నువ్వు అందుకుంటే మబ్బే బదులు చెప్పినట్టు ఉంటుందని అంటుండేది ఆమె. నా గొంతు గురించి ఇంకెవరూ ఏ మాటా అనలేదు కాబట్టి అది గుర్తుండిపోయింది.

డిగ్రీ చివరి ఏడాదిలో కర్నూలులో కాలేజీ పిల్లలకు జానపద గీతాల పోటీ పెట్టారు. ఇద్దరు కలిసి పాడే విభాగంలో నన్ను అడక్కుండానే మా ఇద్దరి పేర్లు ఇచ్చి వచ్చింది. నేను కాదనలేదు. మిద్దె మీద పది రోజులు సాధన చేశాం. నేను ఆమె వీపు వైపు తిరిగి కూర్చుని పాడేదాన్ని, ముఖం కనబడకుండా. "ఆడ గూడా ఇట్లనే కూసుంటావా మే? జడ్జీలు నీ జడకు మార్కులేస్తారు," అని నవ్వేది.

ఆ రోజు హాల్లో మా పేర్లు పిలిచారు. ఆమె నా మణికట్టు పట్టుకుని లేచింది. వేదికకు పక్క నుంచి నాలుగు చెక్క మెట్లు. మూడో మెట్టు దాకా ఎక్కాను. అక్కడి నుంచి హాలు కనబడింది. ముఖాలన్నీ ఇటే తిరిగి ఉన్నాయి. ఆమె చేతిలోంచి నా చెయ్యి ఎలా జారిందో తెలియదని డైరీలో చాలాసార్లు రాశాను. అది అబద్ధం. నేనే లాక్కున్నాను.

ఆమె ఆగలేదు. ఆగితే పేరు కొట్టేస్తారని భయపడి ఉంటుంది. మైకు ముందు నిలబడి మబ్బు పాట ఎత్తింది. ఎత్తి, పక్కకు చూసింది. నేను తెర అంచున ఉన్నాను. ఆమెకు కనబడుతూనే ఉన్నాను. వేదిక ఎక్కనక్కరలేదు, అక్కడి నుంచి అందుకున్నా చాలు. నా నోరు తెరుచుకుంది కూడా. ఏమీ రాలేదు. హాల్లో వెనక నుంచి ఎవరో ఈల వేశారు. ముందు వరసలో ఒకాయన గడియారం చూసుకున్నాడు.

అప్పుడు ఆమె అందుకునే వరుసను తనే పాడింది. తన గొంతుతో కాదు. సన్నగా, ఒక రవ్వ వెనకబడి. అది నా గొంతు. ఎక్కడ ఊపిరి చాలక మాట తెగిపోతుందో అక్కడే తెగిపోయింది. తర్వాత మళ్ళీ తన గొంతుతో ఎత్తింది, మళ్ళీ నా గొంతుతో అందుకుంది. హాలంతా మెల్లమెల్లగా కదలడం మానేసింది. పాట అయ్యేసరికి జనం లేచి నిలబడ్డారు. ఎవరెవరో ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు. నేను వెనక తలుపు గుండా బయటపడి, బస్టాండుకు నడిచి, దొరికిన బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

ఆమె ఫోన్ చేస్తూనే ఉంది. నేను ఎత్తలేదు. రెండు రోజుల తర్వాత మా ఇంటికే వచ్చింది. లోపలి గదిలోంచి మా అమ్మకు, లేదని చెప్పమని సైగ చేశాను. అమ్మ చెప్పింది. ఆమె అరుగు మీద కాసేపు కూర్చుని, నీళ్ళు అడిగి తాగి, వెళ్ళిపోయింది. నా చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. అవి ఆమెకు బాగా తెలిసిన చెప్పులు.

కోపం వచ్చి తిట్టి ఉంటే బాగుండేదని అప్పట్లో అనుకునేదాన్ని. ఆ నెలలోనే ఆ వీడియో ఊళ్ళు దాటి పోయింది. హైదరాబాదు నుంచి పిలుపు వచ్చింది. ఆమె వెళ్ళింది. ఆ తర్వాత ఆమె పాటలే తిరిగి వచ్చాయి గానీ ఆమె రాలేదు. వాళ్ళ అమ్మానాన్నలను కూడా అక్కడికే తీసుకెళ్ళింది. వాళ్ళ ఇంటి తాళం ఉగాదికి కూడా తీయలేదు.

ఆటోల్లో ఆమె పాట, పెళ్ళి పందిళ్ళలో ఆమె పాట, పత్తి మార్కెట్ బయట టీ బంకులో ఆమె పాట. సినిమాలో కూడా ఒకటి పాడింది. ప్రతి పాటలో ఆ రెండు గొంతులు. నిండు గొంతు ఒకటి, దాని వెనక సన్నటి గొంతు ఒకటి. జనం దాని గురించే చెప్పుకునేవాళ్ళు. టీవీలో ఎవరో ఆమెను అడిగారు, ఇలా రెండు గొంతులతో పాడటం ఎక్కడ నేర్చుకున్నారని. "మా ఊళ్ళో ఇట్లనే పాడతారండీ, పాత పద్ధతి," అంది ఆమె నవ్వుతూ. ఆ మాట విన్నప్పుడు నేను అన్నం తింటున్నాను. మా అమ్మ టీవీ వైపు చూసి, "అవునా?" అని తనలో తను అనుకుంది. పుట్టినప్పటి నుంచి ఆ ఊళ్ళోనే ఉన్న మనిషి.

కొన్నాళ్ళకు ఊరే ఆ మాట నమ్మింది. మా ఊరి బడిలో ఏటా జరిగే ఆటలపాటల రోజున పిల్లలు ఒక్కొక్కరే నిలబడి, ఎత్తే వరుసా అందుకునే వరుసా తామే పాడటం మొదలుపెట్టారు. అది మన సంప్రదాయం అని టీచరు మైకులో చెప్పింది. ముసలివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమె పేరు చెప్పుకుని అందరికీ తలా ఒక సంగతి దొరికింది. "ఫస్టు మైకు ఇచ్చింది నేనే, శ్రీరామనవమికి," అంటాడు సౌండ్ బాక్సుల ఆయన. "కర్నూలికి నా బస్సులోనే పోయె. కిటికీ సీటు ఇప్పిచ్చినా," అంటాడు కండక్టరు. ఆమెకు చిన్నప్పుడు దగ్గు వస్తే కషాయం కాచి ఇచ్చానని ఒకామె. ఆ కషాయంతోనే గొంతు తేలిందట. వింటూ నవ్వుకునేదాన్ని. నవ్వాక ఏమీ తోచేది కాదు. వాళ్ళందరికీ చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంది.

సన్మానానికి రెండు ఊళ్ళవాళ్ళూ చివరికి రాజీపడ్డారు. సభ ఎమ్మిగనూరులో, కుర్చీలూ మైకులూ ఆదోనివి. సన్మాన పత్రం కూడా మా షాపులోనే తయారైంది. రాసేవాళ్ళు దొరకలేదని మా ఓనరు నన్నే రాయమన్నాడు. ఏమేం ఉండాలో కమిటీ పెద్దమనిషి చెప్పాడు: ఊరి పేరు, తల్లిదండ్రుల కష్టం, రెండు గొంతుల సంప్రదాయం. నేను చదివిన పుస్తకాల నుంచి నేర్చుకున్న మంచి తెలుగంతా అందులో పెట్టాను. 'ఒకే కంఠాన రెండు కంఠాలు పలికించే మన ప్రాంతపు ప్రాచీన గాన సంప్రదాయానికి ప్రాణం పోసిన' అని రాశాను. అది అబద్ధమని ఊళ్ళో అందరికంటే బాగా తెలిసిన దాన్ని నేనే. పెద్దమనిషి రెండుసార్లు చదువుకుని, "శానా బాగా రాసినావు పాపా," అన్నాడు. నాకు సంతోషం కలిగింది. అందుకు సిగ్గుపడ్డాను గానీ, సంతోషం మాత్రం కలిగింది.

సభ మధ్యాహ్నం రెండింటికి అన్నారు. నాలుగున్నరకు మొదలైంది. వేదికకు ఆ పక్క ఒక ఫ్లెక్సీ, ఈ పక్క ఒక ఫ్లెక్సీ. నేను చేసిన ఒకే ముఖం రెండు పక్కల నుంచీ ఎదురెదురుగా చూసుకుంటోంది. మా ఊరి ఆడవాళ్ళు ట్రాక్టరు కట్టించుకుని వచ్చారు. మా అమ్మా, ముందు సాలు అవ్వా వాళ్ళలో ఉన్నారు. వాళ్ళను ముందు వరసల్లో కింద కూర్చోబెట్టారు. నేను అద్దం కట్టించిన సన్మాన పత్రం పట్టుకుని, మా ఓనరుతో పాటు స్పీకర్ల పక్కన నిలబడ్డాను. ఆమె వేదిక మీదికి వస్తూ జనం వైపు దండం పెట్టింది. ఫ్లెక్సీలో కంటే చిన్నగా ఉంది. కనుబొమ మీది మచ్చ ఉంది.

ఉపన్యాసాలు సాగాయి. మాట్లాడిన ప్రతివాళ్ళూ ఆమెను తాము ఎప్పుడు గుర్తించారో చెప్పారు. శాలువాలు కప్పీ కప్పీ ఆమె భుజాలు బరువెక్కితే, వెనక ఉన్న అమ్మాయి ఒక్కొక్కటే తీసి కుర్చీ మీద పెడుతోంది. నా పత్రాన్ని ఒక లెక్చరరు గంభీరంగా చదివి, పగలకుండా పట్టుకోమని మళ్ళీ నా చేతికే ఇచ్చాడు. చివరికి ఆమె లేచి మైకు అందుకుంది.

మబ్బు పాటే ఎత్తింది.

ముందు వరసల్లో కూర్చున్న మా ఊరి ఆడవాళ్ళు ఒక్కసారిగా అందుకున్నారు. ఎవరూ అనుకుని చేసింది కాదు. ఎత్తిన పాట చెవిన పడితే వాళ్ళ నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. నలభై గొంతులు, ఎగుడుదిగుడుగా, 'నిలిచేదానికి నీడ లేదు' అన్నాయి. స్పీకర్ల పక్కన నేనూ ఊపిరి లోపలికి తీసుకున్నాను.

వ్యాఖ్యాత రెండో మైకు పట్టుకుని ముందుకు వచ్చాడు. "అమ్మా, అమ్మా, పెద్దమ్మలు కొంచెం గమ్మునుండండి. రికార్డింగు జరుగుతాంది. మేడమ్ గారే రెండూ పాడతారు."

ఆడవాళ్ళు నాలుక కరుచుకున్నారు. ఒకరి తొడ మీద ఒకరు చరుచుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆమె కళ్ళు తెరిచి వాళ్ళ వైపు చూసింది. ఏదైనా అంటుందేమో అనుకున్నాను. కళ్ళు మూసుకుని మళ్ళీ మొదటి నుంచి ఎత్తి, అందుకునే వరుస తనే పాడింది. జనం కేకలు పెట్టారు. తీసుకున్న ఊపిరి నేను మెల్లగా వదిలేశాను.

సభ ముగిశాక మా ఓనరు, "ఆ పటం ఇచ్చి రాపో పాపా, అద్దం పగిలేలోపల," అని నన్ను వేదిక వెనక టెంటులోకి పంపాడు. ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు తాగుతోంది. పక్కన ఎవరూ లేరు. నన్ను చూసి ఫ్లాస్కు మూత కింద పెట్టింది.

"ఏమ్మే," అంది. "సిక్కిపోయినావే."

"నువ్వు గూడా."

"నాకు టీవీలో సిక్కుంటేనే బాగుంటాదంట. నీకేమొచ్చె?"

పటాన్ని కుర్చీకి ఆనించి పెట్టాను. ఎంత తొందరగా చెప్పేస్తే అంత మంచిదనిపించింది.

"నీకు ఒగటి సెప్పల్ల."

"సెప్పు."

"ఆ పొద్దు కర్నూల్లో..."

"మెట్ల కాడదా?" ఆమె పెద్దగా నవ్వింది. "ఇంకా అదే పట్టుకోనుండావా మే నువ్వు?"

"నీకు కోపం రాలేదా?"

"ఆ పొద్దు వచ్చె. బస్సులో ఊరొచ్చే దాకా ఏడ్సినా. మీ ఇంటికొస్తే నువ్వు లోపలుండి లేదనిపిస్తివి, అప్పుడూ వచ్చె. మల్ల హైదరాబాదోళ్ళు ఫోన్ చేసినాక ఇంగ కోపం యాడిది?" నా చెయ్యి పట్టుకుని పక్క కుర్చీలోకి లాగింది. "నువ్వు ఆ పొద్దు అందుకొనింటే ఏమయ్యేదో తెలుసా? ఇద్దరం కప్పు తీసుకోని, అదే బస్సుకు ఊరొచ్చేటోళ్ళం. ఈ పాటికి మిరపచేన్లో ఉంటాంటి నేను. నువ్వు రాకుంటేనే మంచిదాయె. నీకే దండం పెట్టల్ల."

అని నిజంగానే రెండు చేతులూ జోడించింది, ఆటగా. ఎగతాళి కాదు. ఆమె కళ్ళలో ఎక్కడా ముల్లు లేదు. ఐదేళ్ళుగా నేను సిద్ధం చేసుకున్న మాటలు దాదాపు అన్నీ మిగిలిపోయాయి.

"ఇందాక మనూరోళ్ళు అందుకున్న్యారు గదా," అన్నాను. "ఆయప్ప ఆపకుండా ఉంటే బాగుండు."

ఆమె ఫ్లాస్కు మూత తీసుకుని బిగించింది. సరిగ్గా పడలేదు. మళ్ళీ తిప్పింది.

"ఆయప్ప ఆపకుంటే నేనే ఆపుదును," అంది. "వాళ్ళు అందుకోంగానే నాకు పాట తప్పె. ఇప్పుడు పక్క గొంతు పడితే పాడలేను మే. అలవాటు పోయింది."

ఆ రెండో గొంతు ఎవరిదో నీకు గుర్తుందా అని అడగాలనుకున్నాను. అడిగేలోపే కమిటీవాళ్ళు ఫోన్లు పట్టుకుని లోపలికి వచ్చారు. "ఈమె ఎవరు మేడమ్?" అన్నాడు ఒకాయన.

"మా ఊరి పిల్ల," అంది ఆమె, నా భుజం చుట్టూ చెయ్యి వేసి. ఫోటో తీశారు. తర్వాత వాళ్ళకు చోటివ్వడానికి నేను లేచాను.

బయట మా ఓనరుకు చెప్పి, మా ఊరివాళ్ళ ట్రాక్టరు ఎక్కాను. పొద్దు వాలుతోంది. ట్రాలీలో పరిచిన గడ్డి మీద అందరూ మోకాళ్ళు మడుచుకుని ఇరుకిరుకుగా కూర్చున్నారు. ఆమెకు నా మీద కోపం ఉందన్న నమ్మకంతోనే ఇన్నాళ్ళూ బతికానని అప్పుడు అర్థమైంది. కోపం ఉందంటే, హైదరాబాదులో ఎక్కడో ఒక గదిలో అప్పుడప్పుడైనా నేను గుర్తుకు వస్తున్నట్టే కదా. ఆ కోపాన్ని ఆమె ఎప్పుడో మరిచిపోయింది. పైగా మేలు జరిగింది అంటోంది. ఇక ఆ గదిలో నేను లేను.

"మనల్ని గమ్మునుండమన్న్యాడు సూడు ఆ మైకాయప్ప," అంది ఒకామె.

"మనం పాడింది తప్పంట," అంది మా అమ్మ. "ఒక్కరే రెండూ పాడేదంట పాత పద్ధతి. అద్దం పటంలో రాసింది సదివిరి గదా."

"అట్లనే ఉంటాదేమోలే. సదువుకున్నోళ్ళు ఊరికే రాస్తారా?"

"మా అత్త కాలంలో అట్ల పాడుతాండ్రేమో. మనకే తెలీదు."

అవ్వ కూడా ఆలోచనలో పడింది. అరవై ఏళ్ళు ముందు సాలు పట్టిన మనిషి, తను తప్పు పాడుతూ వచ్చానేమోనని అనుమానపడుతోంది. అది చూడలేకపోయాను.

"అది పాత పద్ధతి కాదవ్వా," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. నేను పదిమందిలో గొంతు విప్పడం వాళ్ళకు కొత్త. అయినా ఆపలేదు.

"మీరు పాడిందే సరి. ఆ పొద్దు కర్నూల్లో పోటీకి మేమిద్దరం పోతిమి. ఆమె ఎత్తె. నేను అందుకోవల్ల. భయపడి అందుకోలేదు. అందుకని ఆమె ఒక్కతే రెండూ పాడింది. అట్ల మొదలాయె అది. నావల్లనే."

అవ్వ నన్ను పైకీ కిందికీ చూసింది. ఆమె ముఖంలోని అనుమానం పోయి, ఎప్పటి అవ్వ తిరిగొచ్చింది.

"అయితే నీవల్లనే అంత పెద్దదైందంటావ్."

ట్రాలీ అంతా ఘొల్లుమంది.

"మైకు ఇచ్చినాయప్ప ఒగడు, సీటు ఇచ్చినాయప్ప ఒగడు," అంది ఇంకొకామె కళ్ళు తుడుచుకుంటూ. "కషాయం తాపిచ్చినామె ఒగతి. ఇప్పుడు ఇదొచ్చె, నోరు తెరవకుండా సింగర్ని సేసినా అని."

"అందరికంటే సులువు పని ఇదే సేసింది."

మా అమ్మ కూడా నవ్వుతోంది. నేను ఊళ్ళో అందరిలా ఒక మాట కలిపినందుకు ఆమెకు కొంచెం సంబరంగా కూడా ఉన్నట్టుంది. కాదు, నేను చెప్పేది అది కాదు అనాలనుకున్నాను. అంటే ఇంకా నవ్వుతారు. రోడ్డు గుంతలో చక్రం పడి అందరం ఒకరి మీద ఒకరం ఒరిగాం. అవ్వ నా మోకాలు పట్టుకుని నిలదొక్కుకుని, చెయ్యి అక్కడే ఉంచింది.

"ఊరికే అంటి లేమ్మా," అంది మెల్లగా, ఓదార్పుగా. "నువ్వు గూడా ఆ యమ్మ జతలో తిరిగినదానివే గదా. సెప్పుకో. సెప్పుకుంటే తప్పేముంది?"

నేను తల ఊపాను.